టెక్ సపోర్ట్ మోసం

టెక్ సపోర్ట్ మోసం లేదా సాంకేతిక సహాయ మోసం అనగా కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో లేని లోపాన్ని ఉన్నట్లు నమ్మించి, దానిని బాగుచేసే నెపంతో డబ్బును, వ్యక్తిగత సమాచారాన్ని కాజేసే ఒక రకమైన సైబర్ నేరం. మోసగాళ్లు తమను ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ సంస్థ, బ్యాంకు, ఇంటర్నెట్ సేవాసంస్థ లేదా ఆన్‌లైన్ దుకాణం ఉద్యోగులుగా పరిచయం చేసుకుంటారు. బాధితుడే తన చేతితో వారికి పరికరంలోకి దారి ఇచ్చేటట్లు చేయడం ఈ మోసం యొక్క ముఖ్య లక్షణం. చాలా సందర్భాలలో ఫోను వచ్చే సమయానికి బాధితుని కంప్యూటరులో ఏ వైరసూ ఉండదు. అవతలి వ్యక్తి చెప్పిన ప్రోగ్రామును ఎక్కించుకొన్న తరువాతనే అసలు ప్రమాదం మొదలవుతుంది.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. నిర్వహించే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కేంద్రానికి 2021లో ఈ తరహా ఫిర్యాదులు సుమారు 24 వేలు అందగా, బాధితులు కోల్పోయిన సొమ్ము దాదాపు 35 కోట్ల డాలర్లు. 2024లో ఫిర్యాదులు 36 వేలు, నష్టం 146 కోట్ల డాలర్లు. ఇవి ఫిర్యాదు చేసినవారి లెక్కలు మాత్రమే. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోనివారు ఈ లెక్కలలోకి రారు.

చరిత్ర

ఈ మోసానికి పూర్వరూపం "భయపెట్టే సాఫ్ట్‌వేరు". 2000వ దశకంలో ఇంటర్నెట్ ప్రకటనల రూపంలో కంప్యూటరును పరీక్షిస్తున్నట్లు నటించి, వందలాది లోపాలు ఉన్నాయని చూపి, పనికిరాని ప్రోగ్రాములను అమ్మేవారు. విన్‌ఫిక్సర్, డ్రైవ్‌క్లీనర్ అటువంటివి. వీటిని అమ్మిన ఇన్నోవేటివ్ మార్కెటింగ్ అను సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో దావా వేసింది. 2012లో న్యాయస్థానం 16 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది.

2000వ దశకం చివరలో ఇదే మోసం టెలిఫోనుకు మారింది. భారతదేశంలోని కొన్ని కాల్ సెంటర్ల నుండి బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా వంటి ఆంగ్లం మాట్లాడే దేశాల ఇళ్లకు ఫోను చేసి, "మీ కంప్యూటరు నుండి మాకు లోపాల సందేశాలు వస్తున్నాయి" అని చెప్పేవారు. ఇంటర్నెట్ ద్వారా చౌకగా విదేశాలకు ఫోను చేయగలగడం, ఆంగ్లం వచ్చిన యువత తక్కువ జీతానికి దొరకడం, దూరం నుండి కంప్యూటరును నడిపించే ప్రోగ్రాములు ఉచితంగా లభించడం దీనికి తోడ్పడినాయి. 2012 అక్టోబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి 6 ముఠాలపై ఒకేసారి దావాలు వేసింది.

తరువాతి కాలంలో మోసగాళ్లు తామే ఫోను చేయడం తగ్గించి, బాధితుడే తమకు ఫోను చేసేటట్లు ఏర్పాటు చేసుకున్నారు. వెబ్ పేజీలో హఠాత్తుగా తెరుచుకునే హెచ్చరికలు, సెర్చి ఫలితాలలో కొనుగోలు చేసిన ప్రకటనలు ఇందుకు సాధనాలయ్యాయి. దీనిని అరికట్టడానికి 2016 మే నెలలో బింగ్, 2018లో గూగుల్ మూడవ పక్షపు సాంకేతిక సహాయ ప్రకటనలపై ఆంక్షలు విధించాయి.

పేరున్న సంస్థలు కూడా ఇటువంటి వివాదాలలో చిక్కుకున్నాయి. అమెరికాలోని ఆఫీస్ డిపో దుకాణాలలో ఉచితంగా చేసిన కంప్యూటరు పరీక్షపై 2019లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. పరీక్షకు ముందు వినియోగదారుని నాలుగు ప్రశ్నలు అడిగేవారని, వాటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా, పరీక్షలో ఏమి తేలినప్పటికీ హానికర సాఫ్ట్‌వేరు లక్షణాలు ఉన్నట్లే ఫలితం వచ్చేదని అభియోగం. ఆ సంస్థ, దానికి సాఫ్ట్‌వేరు అందించిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నాయి.

మోసం జరిగే విధానం

పేర్లు, వేషాలు మారినా ఈ మోసం సాధారణంగా నాలుగు దశలలో జరుగుతుంది.

1. పరిచయం: ఫోను, ఎస్సెమ్మెస్, ఈమెయిలు, వెబ్ హెచ్చరిక లేదా సెర్చిలో దొరికిన నకిలీ కస్టమర్ కేర్ నంబరు ద్వారా సంబంధం ఏర్పడుతుంది. "మీ యాంటీవైరస్ చందా పునరుద్ధరించబడినది, 399 డాలర్లు తీసుకున్నాము, వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోను చేయండి" అనే తరహా నకిలీ రసీదులు కూడా వస్తాయి. అటువంటి ఈమెయిలులో హానికరమైన లింకు ఏదీ ఉండదు, ఫోను నంబరు మాత్రమే ఉంటుంది. అందుచేత వడపోత ప్రోగ్రాములు దానిని సులభంగా పట్టుకోలేవు.

2. భయపెట్టడం: హ్యాకర్లు చొరబడ్డారని, బ్యాంకు ఖాతా ప్రమాదంలో ఉన్నదని, ఈ రాత్రికే కనెక్షను పోతుందని చెబుతారు. ఆలోచించుకోవడానికి, ఇంకొకరిని అడగడానికి వ్యవధి ఇవ్వరు. ఫోను పెట్టవద్దని పదే పదే చెబుతారు.

3. పరికరంలోకి ప్రవేశం: ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి ప్రోగ్రామును ఎక్కించమని చెప్పి, తెరపై కనబడే అంకెలను చదివించుకుంటారు. ఇవి కార్యాలయాలలో కంప్యూటర్లను దూరం నుండి బాగుచేయడానికి వాడే సక్రమమైన ప్రోగ్రాములే గనుక యాంటీవైరస్ సాధారణంగా వీటిని ఆపదు.

4. వసూలు: మరమ్మతు రుసుము, అనేక సంవత్సరాల "రక్షణ పథకం", గిఫ్ట్ కార్డులు, క్రిప్టోకరెన్సీ, నగదు పార్సిలు వంటి రూపాలలో డబ్బు రాబడతారు. భారతదేశంలో ఎక్కువగా యూపీఐ, నెట్ బ్యాంకింగు ద్వారా నేరుగా ఖాతాను ఖాళీ చేస్తారు.

మామూలు సమాచారాన్ని లోపంగా చూపడం

విండోస్ కంప్యూటరులో ఎప్పుడూ ఉండే సమాచారాన్నే తీసి చూపి, దానికి తప్పుడు అర్థం చెప్పడం ఈ మోసంలో కీలకమైన భాగం. చూపినది నిజమే, చెప్పిన అర్థం మాత్రమే అబద్ధం. అందుచేత కళ్లారా చూసిన బాధితుడు సులభంగా నమ్ముతాడు. తరచుగా వాడే ప్రదర్శనలు ఇవి:

* ఈవెంట్ వ్యూయర్: కంప్యూటరులో జరిగే ప్రతి చిన్న సంఘటనను విండోస్ నమోదు చేసుకునే చిట్టా ఇది. ఏదో ఒక సేవ ఆలస్యంగా ప్రారంభమైనా, ప్రింటరు స్పందించకపోయినా ఇందులో పసుపు, ఎరుపు గుర్తులు పడతాయి. చక్కగా పనిచేసే కంప్యూటరులో కూడా ఇటువంటివి వందల సంఖ్యలో ఉండడం సహజం. మోసగాడు వీటిని వైరసులుగా లెక్కపెట్టి చూపిస్తాడు.

* నెట్‌స్టాట్: కంప్యూటరు ఏయే సర్వర్లతో సంబంధం కలిగి ఉన్నదో చూపే ఆదేశం. ఇందులో ఒక నిలువు వరుసకు "ఫారిన్ అడ్రస్" అని శీర్షిక ఉంటుంది. ఇక్కడ ఫారిన్ అనగా "అవతలి వైపు కంప్యూటరు" అని మాత్రమే అర్థం. తెరిచి ఉన్న ప్రతి వెబ్‌సైటుకూ అక్కడ చిరునామా కనబడుతుంది. మోసగాడు ఆ మాటను "విదేశీ హ్యాకర్లు" అని అనువదించి చెబుతాడు.

* ట్రీ ఆదేశం: ఇది ఫోల్డర్ల జాబితాను వేగంగా తెరపై పరుగెత్తిస్తుంది. దీనిని వైరసు పరీక్షగా చూపి, చివరలో "వైరస్ దొరికినది" అను మాటను మోసగాడే టైపు చేస్తాడు.

* గుర్తింపు సంకేతం: అక్షరాలు, అంకెలు కలిసిన ఒక పొడవాటి సంకేతాన్ని ముందుగా ఫోనులో చదివి వినిపించి, "ఇది మీ కంప్యూటరుకు మాత్రమే చెందిన లైసెన్సు సంఖ్య, సరిచూసుకోండి" అంటాడు. బాధితుడు ఆదేశం ఇచ్చి చూడగా అదే సంకేతం కనబడుతుంది. వాస్తవానికి అది విండోస్ కంప్యూటర్లన్నింటిలోనూ ఒకే విధంగా ఉండే అంతర్గత సంకేతం.

* ఆగిపోయిన సేవలు: విండోస్‌లోని అనేక సేవలు అవసరమైనప్పుడు మాత్రమే నడుస్తాయి. మిగిలిన సమయంలో వాటి ఎదుట "ఆగినది" అని ఉంటుంది. దీనినే రక్షణ వ్యవస్థ కూలిపోవడంగా వర్ణిస్తారు.

డబ్బు ఇవ్వడానికి నిరాకరించినవారి కంప్యూటరుకు తాళం వేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. పాత విండోస్‌లలోని సిస్‌కీ అను సదుపాయంతో ప్రారంభ సంకేతపదం పెట్టి యజమానికే ప్రవేశం లేకుండా చేసేవారు. 2017లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి మైక్రోసాఫ్ట్ ఈ సదుపాయాన్ని తొలగించింది.

వెబ్ పేజీలలో వచ్చే హెచ్చరికలు

తెర అంతా ఆక్రమించే హెచ్చరిక, మోగుతూ ఉండే శబ్దం, మూసివేయడానికి వీలులేనట్లు కనబడే కిటికీ, మధ్యలో ఒక ఫోను నంబరు - ఇవి ఈ పేజీల ముఖ్య లక్షణాలు. తప్పుగా టైపు చేసిన చిరునామాల నుండి, ఉచిత సినిమాల సైట్లలోని ప్రకటనల నుండి ఇవి తెరుచుకుంటాయి. ఇవి సాధారణ వెబ్ పేజీలు మాత్రమే. పేజీని నిండు తెరలో చూపే సదుపాయాన్ని దుర్వినియోగం చేయడం వలన కంప్యూటరు స్తంభించినట్లు కనబడుతుంది. వినియోగదారుని ఊరు, ఇంటర్నెట్ సంస్థ పేరు కూడా పేజీలో కనబడవచ్చు. ఏ వెబ్‌సైటైనా ఐపీ చిరునామాను బట్టి వాటిని ఊహించగలదు గనుక, అది హ్యాకింగుకు నిదర్శనం కాదు.

మైక్రోసాఫ్ట్ ప్రకటన ప్రకారం ఆ సంస్థ ఇచ్చే నిజమైన లోప సందేశాలలో ఎన్నడూ ఫోను నంబరు ఉండదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఇటువంటి పేజీలను వెంటనే పోల్చుకోవచ్చును.

రీఫండ్ మోసం

ఇది టెక్ సపోర్ట్ మోసం యొక్క మరొక రూపం. గతంలో సేవ కొన్నందుకు డబ్బు వాపసు ఇస్తామని చెప్పి, బాధితునిచేత బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. 200 డాలర్లు రావలసినచోట పొరపాటున 20,000 డాలర్లు జమ అయినట్లు చూపి, "నా ఉద్యోగం పోతుంది, మిగిలినది తిరిగి పంపండి" అని బ్రతిమాలుతారు. వాస్తవానికి పైసా కూడా జమ కాదు. బ్రౌజరులోని "ఇన్‌స్పెక్ట్" సదుపాయంతో తెరపై కనబడే అంకెను మార్చడం లేదా బాధితుని పొదుపు ఖాతాలోని సొమ్మునే అతని మరొక ఖాతాలోకి మార్చడం జరుగుతుంది. ఆ సమయంలో బాధితునికి తెర నల్లగా కనబడేటట్లు చేస్తారు. పేజీని మళ్లీ లోడ్ చేసినా, మరొక ఫోనునుండి బ్యాంకుకు ఫోను చేసి నిల్వ అడిగినా మార్చిన అంకె బయటపడుతుంది.

ఎఫ్.బి.ఐ. 2023లో "ఫాంటమ్ హ్యాకర్" అను పేరుతో హెచ్చరించిన మోసంలో ముగ్గురు వేషధారులు ఒకరి తరువాత ఒకరు వస్తారు. సాంకేతిక సహాయకుడు కంప్యూటరులో హ్యాకరును "కనుగొంటాడు". బ్యాంకు ఉద్యోగి ఖాతా ప్రమాదంలో ఉన్నదంటాడు. ప్రభుత్వ అధికారి సొమ్మును "సురక్షిత ఖాతా"కు మార్చమంటాడు. భారతదేశంలో వ్యాపించిన డిజిటల్ అరెస్టు మోసానికి, దీనికి పోలికలు ఉన్నాయి.

భారతదేశంలో

తొలుత భారతదేశం ఈ మోసాలకు పుట్టినిల్లుగా మాత్రమే పేరుపడినది. సెల్‌ఫోను ద్వారా చెల్లింపులు పెరిగిన తరువాత భారతీయులు కూడా పెద్ద ఎత్తున బాధితులయ్యారు. ఇక్కడ మోసం ఎక్కువగా కంప్యూటరుపై కాక ఫోనుపై జరుగుతుంది. తెలుగు, హిందీ వంటి ప్రాంతీయ భాషలలోనే సంభాషణ సాగుతుంది.

* నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు: డబ్బు వాపసు, సిలిండరు బుకింగు, కొరియరు వంటి అవసరాలకు నంబరు వెతికేవారికి సెర్చి ఫలితాలలో, మ్యాపులలో, సామాజిక మాధ్యమాలలో నకిలీ నంబర్లు ఎదురవుతాయి. ఫోను చేసినది తామే గనుక వినియోగదారులకు అనుమానం రాదు.

* కేవైసీ, విద్యుత్ బిల్లు సందేశాలు: "కేవైసీ పూర్తి చేయనందున మీ ఖాతా నిలిపివేయబడును", "గత నెల బిల్లు నమోదు కానందున ఈ రాత్రి 9.30కి కరెంటు తొలగించబడును" వంటి సందేశాలలో ఒక సెల్ నంబరు ఉంటుంది. ఫోను చేసినవారిచేత స్క్రీన్ షేరింగ్ యాప్‌ను ఎక్కించి, పరీక్ష కోసమని ₹10 చెల్లించమంటారు. ఆ చెల్లింపులో టైపు చేసిన కార్డు వివరాలు, తరువాత వచ్చే ఓటీపీ మోసగానికి కనబడతాయి.

* ఏపీకే ఫైళ్లు: బ్యాంకు, ప్రభుత్వ పథకం, వాహన చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే యాప్ ఫైళ్లు ఎస్సెమ్మెస్‌లను చదివి మోసగానికి చేరవేస్తాయి. యాప్ స్టోరు బయటి నుండి వచ్చే ఇటువంటి ఫైళ్లకు ఆ స్టోరు తనిఖీ వర్తించదు.

* కాల్ ఫార్వర్డింగ్: నెట్‌వర్కు బాగుచేస్తామని చెప్పి *401* తో మొదలయ్యే సంఖ్యను డయల్ చేయిస్తారు. దానితో బాధితునికి రావలసిన ఫోన్లు, ఫోనులో వినిపించే ఓటీపీలు మోసగానికి మళ్లుతాయి. దీని దుర్వినియోగం కారణంగా ఈ విధమైన కాల్ ఫార్వర్డింగును 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయాలని టెలికాం శాఖ ఆదేశించింది.

ఎనీడెస్క్ ద్వారా యూపీఐ మోసాలు జరుగుతున్నాయని భారతీయ రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. 2023 ఆగస్టులో వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేరింగ్ సదుపాయం వచ్చింది. అందుచేత ప్రత్యేక యాప్ లేకుండానే తెరను చూపించడం సాధ్యమైనది. "మేము ఏ యాప్ వేయమనడం లేదు కదా" అను మాట భద్రతకు హామీ కాదు.

బాధితులు

వృద్ధులే మోసపోతారనే అభిప్రాయం పాక్షికంగా మాత్రమే నిజం. డబ్బు నష్టంలో వారి వాటా అధికం: ఎఫ్.బి.ఐ. లెక్కల ప్రకారం 2023లో అమెరికాలో 60 ఏళ్లు పైబడినవారు ఈ మోసంలో సుమారు 59 కోట్ల డాలర్లు కోల్పోయారు. అయితే 2021లో మైక్రోసాఫ్ట్ 16 దేశాలలో చేయించిన సర్వేలో యువత కూడా ఎక్కువగా చిక్కుకుంటున్నట్లు తేలింది.

మోసగాళ్ల కాల్ సెంటర్లను బయటపెట్టడం ద్వారా ప్రసిద్ధుడైన, జిమ్ బ్రౌనింగ్ అను మారుపేరుగల యూట్యూబరు సైతం 2021 జూలైలో యూట్యూబు సహాయ సిబ్బందిగా నటించినవారి మాట నమ్మి తన ఛానెలును తానే తొలగించుకున్నాడు. తరువాత అది పునరుద్ధరించబడినది. ఈ మోసం అజ్ఞానంపై కంటే తొందరపై, అధికారం పట్ల గౌరవంపై, సహాయం చేసేవారి పట్ల మొహమాటంపై ఎక్కువగా ఆధారపడుతుందని ఈ ఉదంతం సూచిస్తుంది.

గుర్తించే లక్షణాలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఎదురైనా సంభాషణను ఆపివేయడం మంచిది.

* అడగకుండానే ఫోను చేసి పరికరంలో లోపం ఉన్నదని చెప్పడం. ప్రపంచంలోని ఒక్కొక్క కంప్యూటరునూ గమనిస్తూ ఇంటికి ఫోను చేసే సాఫ్ట్‌వేర్ సంస్థ ఏదీ లేదు.
* హెచ్చరిక సందేశంలోనే ఫోను నంబరు ఉండడం.
* తెరను పంచుకోమని, దూర నియంత్రణ యాప్ ఎక్కించమని, తెరపై అంకెలు చదవమని కోరడం.
* డబ్బు రావడానికి యూపీఐ పిన్ నమోదు చేయమనడం. డబ్బు పొందడానికి పిన్ అవసరం లేదు.
* గిఫ్ట్ కార్డులు, క్రిప్టోకరెన్సీ, నగదు రూపంలో రుసుము కోరడం.
* బ్యాంకువారు, ఇంట్లోవారు అడిగితే వేరే కారణం చెప్పమని నేర్పడం.
* ఫోను పెట్టవద్దని, ఇతరులతో మాట్లాడవద్దని ఒత్తిడి చేయడం.

ఫోను చేసిన వ్యక్తికి పేరు, చిరునామా, ఇటీవల కొన్న వస్తువు వివరాలు తెలిసి ఉండడం అతడు నిజమైనవాడనడానికి రుజువు కాదు. అటువంటి వివరాలు ఏదో ఒక సంస్థనుండి బయటకు పొక్కి ఉండవచ్చును. తెరపై కనబడే నంబరును కూడా మార్చి చూపించవచ్చును. సందేహం వచ్చినప్పుడు ఫోను పెట్టివేసి, కార్డు వెనుక లేదా పాసుపుస్తకంపై ముద్రించిన నంబరుకు స్వయంగా ఫోను చేయడమే నమ్మదగిన పరీక్ష.

హెచ్చరిక పేజీ తెరుచుకున్నప్పుడు

ఆ నంబరుకు ఫోను చేయకూడదు, పేజీలోని ఏ బొత్తామునూ నొక్కకూడదు. ఎస్కేప్ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే నిండు తెర తొలగిపోతుంది. పేజీ మూతపడకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజరులో బ్రౌజరును ముగించవచ్చును. మాక్ కంప్యూటరులో కమాండ్, ఆప్షన్, ఎస్కేప్ మీటలు ఇదే పని చేస్తాయి. ఫోనులో బ్రౌజరును పూర్తిగా మూసివేయాలి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను పునరుద్ధరించకూడదు. ఏ ప్రోగ్రామూ ఎక్కించనిపక్షంలో, ఏ వివరమూ ఇవ్వనిపక్షంలో సాధారణంగా ఇంతటితో సమస్య తీరిపోతుంది. హెచ్చరికలు తరువాత కూడా వస్తూ ఉంటే బ్రౌజరు అమరికలలో ఏ సైట్లకు నోటిఫికేషన్ అనుమతి ఉన్నదో చూసి తొలగించాలి.

మోసపోయిన తరువాత చేయవలసినవి

పోయిన సొమ్ము ఒక ఖాతానుండి మరొక ఖాతాకు త్వరత్వరగా మారుతూ చివరకు నగదుగానో క్రిప్టోకరెన్సీగానో మాయమవుతుంది. అందుచేత పనులు చేసే క్రమం ముఖ్యం. కంప్యూటరును శుభ్రం చేయడం కంటే సొమ్మును ఆపించడం ముందు జరగాలి.

1. సంబంధం తెంచడం: ఫోను పెట్టివేసి వైఫై, మొబైల్ డేటా ఆపాలి. ఫోనులో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టవచ్చును. కంప్యూటరును మోసగాడు నడిపిస్తూ ఉంటే ఇంటర్నెట్ తీగను ఊడదీయడం లేదా పవరు బొత్తామును నొక్కి పట్టుకుని ఆపివేయడం వేగవంతమైన మార్గం.

2. బ్యాంకు: మరొక ఫోనునుండి బ్యాంకుకు ఫోను చేసి కార్డులు, నెట్ బ్యాంకింగు, యూపీఐ నిలిపివేయించాలి. ఫిర్యాదు సంఖ్యను, సమయాన్ని రాసిపెట్టుకోవాలి.

3. 1930: ఇది జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు. 2021లో 155260 సంఖ్యతో మొదలై, తరువాత 1930గా మారింది. ఇక్కడ నమోదైన ఫిర్యాదు సంబంధిత బ్యాంకులకు చేరి, సొమ్ము ఇంకా ఖాతాలో ఉంటే దానిని నిలిపివేస్తారు. 2019 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదుల పోర్టలులో కూడా నమోదు చేయవచ్చును. విదేశాలలో నివసించేవారు తాము ఉన్న దేశపు పోలీసులకు, బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. అమెరికాలో ఎఫ్.బి.ఐ. ఫిర్యాదుల కేంద్రం ఇందుకు ఉన్నది.

4. ఆధారాలు: లావాదేవీ సంఖ్యలు, ఫోను నంబర్లు, సందేశాలు, ఎక్కించిన యాప్ పేరు తెరచిత్రాలుగా భద్రపరచాలి. వీటిని దాచుకోకుండా ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆధారాలు పోతాయి. గిఫ్ట్ కార్డులు కొని ఉంటే కార్డు, రసీదు దాచి, కార్డు జారీ చేసిన సంస్థకు వెంటనే తెలపాలి.

5. సంకేతపదాలు: మోసగాడు ప్రవేశించని వేరొక పరికరంనుండి మొదట ఈమెయిలు, తరువాత బ్యాంకు, మిగిలిన ఖాతాల సంకేతపదాలు మార్చాలి. ఈమెయిలు అతని చేతిలో ఉంటే మిగిలిన సంకేతపదాలన్నీ దాని ద్వారానే మళ్లీ మార్చుకోగలడు. అన్ని పరికరాలనుండి లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి.

6. పరికరం: దూర నియంత్రణ యాప్‌ను, తెలియని యాప్‌లను తొలగించాలి. ఆండ్రాయిడ్ ఫోనులో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్, నోటిఫికేషన్ అనుమతులు ఏ యాప్‌లకు ఉన్నాయో, కాల్ ఫార్వర్డింగ్ ఏ నంబరుకు ఉన్నదో చూడాలి. మోసగాడు ఎక్కువసేపు కంప్యూటరును నడిపి ఉంటే, ముఖ్యమైన ఫైళ్లను దాచుకుని విండోస్‌ను కొత్తగా స్థాపించుకోవడం క్షేమం.

కొన్ని వారాల తరువాత "మీ పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తాము" అని పోలీసు, న్యాయవాది లేదా హ్యాకరు పేరుతో ఫోను రావడం సాధారణం. మోసపోయినవారి జాబితాలు మోసగాళ్ల మధ్య చేతులు మారుతాయి. ముందుగా రుసుము అడిగే ఇటువంటి సహాయం కూడా మోసమే.

చట్టం, బ్యాంకు బాధ్యత

భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66-డి సెక్షను కంప్యూటరు సాధనాల ద్వారా మరొకరిగా నటించి మోసగించడాన్ని 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరంగా పేర్కొన్నది. 66-సి సెక్షను ఇతరుల సంకేతపదాలను, గుర్తింపును దొంగిలించడానికి వర్తిస్తుంది. 2024 జూలై 1 నుండి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318, 319 సెక్షన్లు మోసానికి, వేషధారణతో చేసే మోసానికి సంబంధించినవి.

రిజర్వు బ్యాంకు 2017 జూలైలో జారీ చేసిన ఆదేశాల ప్రకారం, బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని తప్పులేకుండా సొమ్ము పోయినప్పుడు, సమాచారం అందిన 3 పనిదినాలలో తెలియజేసిన ఖాతాదారునికి బాధ్యత ఉండదు. అయితే ఖాతాదారుడే ఓటీపీ, పిన్ వంటివి చెప్పినందువలన సొమ్ము పోతే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం అతనిదే. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. టెక్ సపోర్ట్ మోసాలు ఎక్కువగా ఈ రెండవ కోవలోకి వస్తాయి గనుక, ఫిర్యాదు చేసిన నిమిషానికి ఎంతో విలువ ఉన్నది.

పోలీసు చర్యలు

2018 అక్టోబరు, నవంబరు నెలలలో మైక్రోసాఫ్ట్ ఫిర్యాదులపై పోలీసులు ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా ప్రాంతాలలో 26 కాల్ సెంటర్లపై దాడులు చేశారు. 2020 మార్చిలో బీబీసీ పనోరమా కార్యక్రమం గురుగ్రామ్‌లోని ఒక కాల్ సెంటరు లోపలి దృశ్యాలను ప్రసారం చేసింది. 2023 అక్టోబరులో సి.బి.ఐ. "ఆపరేషన్ చక్ర-2" పేరుతో 76 చోట్ల సోదాలు జరిపింది. వీటిలో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులపై నమోదైన కేసులు కూడా ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాలలో కూడా ఇటువంటి కేంద్రాలు బయటపడ్డాయి. 2025 మార్చిలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో హైదరాబాదులో, పేపాల్ కస్టమర్ కేర్ పేరుతో అమెరికావారిని మోసగిస్తున్నారనే ఆరోపణపై ఒక కాల్ సెంటరు సిబ్బందిని అరెస్టు చేసింది. అదే సంవత్సరం మే నెలలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో అమెజాన్ ప్రతినిధులుగా నటిస్తున్న పెద్ద ముఠాను పోలీసులు పట్టుకున్నారు. మంచి జీతం, ఆంగ్లం మాత్రం వస్తే చాలు అని చెప్పి యువతను ఈ ఉద్యోగాలలో చేర్చుకుంటారు. సంస్థ పేరు బయట చెప్పవద్దనడం, రాత్రి పని, ఫోనులో మరొక పేరు వాడమనడం, వేరొక సంస్థ ఉద్యోగిగా చెప్పుకోమనడం కలిసి కనబడితే అనుమానించాలి. అమెరికాలో బాధితుల ఇళ్లనుండి నగదు, బంగారం పార్సిళ్లు తీసుకువెళ్లినందుకు అరెస్టయినవారిలో భారతీయ విద్యార్థులు కూడా ఉన్నారు. పార్సిలులో ఏమున్నదో తమకు తెలియదను వాదన వారిని కేసునుండి తప్పించదు.

నివారణ

* బ్యాంకు, విద్యుత్ సంస్థ, గ్యాస్ ఏజెన్సీ నంబర్లను బిల్లు లేదా పాసుపుస్తకం చూసి ముందుగానే ఫోనులో నిక్షిప్తం చేసుకోవాలి. అవసరం వచ్చినప్పుడు సెర్చిలో వెతకవలసిన పని ఉండదు.
* యాప్‌లను అధికారిక స్టోరునుండి మాత్రమే తీసుకోవాలి. "తెలియని మూలాలనుండి స్థాపన" అనుమతిని ఇవ్వకూడదు.
* రోజువారీ చెల్లింపులకు తక్కువ నిల్వగల ఖాతాను యూపీఐతో జతచేయడం, లావాదేవీల పరిమితిని తగ్గించుకోవడం వలన నష్టం తగ్గుతుంది.
* అనుమానాస్పదమైన ఫోన్లను, సందేశాలను టెలికాం శాఖ వారి సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలుపవచ్చును. డబ్బు పోయినవారు మాత్రం 1930కే చెప్పాలి.
* ఇంట్లో ఎవరికి అటువంటి ఫోను వచ్చినా, ఏమీ చేయకముందే ఫోను పెట్టివేసి ఫలానా వ్యక్తికి చెప్పాలని కుటుంబంలో ముందే అనుకోవాలి. అపరిచితుని ఫోను మధ్యలో పెట్టివేయడం మర్యాద తప్పడం కాదని పెద్దలకు నచ్చచెప్పాలి.

మోసపోయినవారిని నిందించడం వలన రెండు నష్టాలు ఉన్నాయి. వారు ఫిర్యాదు చేయడానికి వెనుకాడతారు, సొమ్మును ఆపించగల సమయం గడిచిపోతుంది. రెండవసారి ఫోను వచ్చినప్పుడు ఇంట్లో చెప్పడానికి భయపడతారు. మోసగాళ్లు బాధితుని ఒంటరిని చేయడానికే ప్రయత్నిస్తారు గనుక, భయపడకుండా చెప్పుకోగల మనిషి ఇంట్లో ఉండడం ముఖ్యమైన రక్షణ.

ఇవి కూడా చూడండి

* సైబర్ నేరం
* ఫిషింగ్
* కంప్యూటరు వైరస్
* డిజిటల్ అరెస్టు
* యూపీఐ
* సమాచార సాంకేతిక చట్టం, 2000